‘చిల్లర’ అని చీటీ కట్టిన పుస్తకం

పుస్తకాల ఇంట్లో ఉద్యోగమంటే నీడపట్టున కూర్చుని చదువుకోవడమే అనుకునేవాళ్ళు దయచేసి ఈ పనిలోకి రాకండి. నేను జీతం తీసుకున్నన్నాళ్ళూ పుస్తకాల మధ్యే ఉన్నాను. వాటిలో కుదురుగా మొదటి ఆకు నుంచి చివరి ఆకు దాకా చదివినవి చాలా తక్కువ. మిగతా కాలమంతా వెతకడానికే సరిపోయింది. ఇప్పుడు అమలాపురంలో కూడా ఇలాంటి ఇల్లు ఒకటి పెడతారని అంటున్నారు. అందులో చేరదామనుకుంటున్న ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి వచ్చి ఏం నేర్చుకోవాలని అడిగారు. వాళ్ళకి నోటితో చెబుతుంటే నాకు కోపం వచ్చి మాట తడబడింది. అందుకే రాస్తున్నాను.

మాది కొత్తపేట దగ్గర ఒక చిన్న జమీ. గోదావరి మీద ఆనకట్ట లేచి, ఎక్కడ చూసినా కాలవలు తవ్వుతున్న రోజులు. మా దొరగారు ఏదో వ్యాజ్యం మీద చెన్నపట్నం వెళ్ళి, అక్కడ ఎవరైనా లోపలికి వెళ్ళి అడిగి చదువుకోగల పుస్తకాల ఇల్లు ఒకటి చూసి వచ్చారు. రాగానే తాతముత్తాతల నాటి తాటాకు పుస్తకాలన్నీ అటక మీంచి దింపించి, కచేరీ ముందున్న సావడిలో చెక్క అరలు కొట్టించి, వాటిలో పెట్టించారు. చదవడం వచ్చినవాళ్ళందరూ రావచ్చని టముకు వేయించారు. ఆ ‘అందరూ’ అన్న మాటలో ఊళ్ళో సగం మంది లేరు. ఊరి చివరి పేటల వాళ్ళు ఆ గుమ్మం దాకా కూడా రాలేరు. అదేమిటని అప్పుడు ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. కరణాల ఇంటి కుర్రవాణ్ణి, చేతిరాత బాగుంటుందని నన్ను అక్కడ పనిలో పెట్టారు.

పుస్తకాన్ని ఏమని అడుగుతారు

తాటాకు పుస్తకం చూడని కుర్రవాళ్ళు ఇప్పుడిప్పుడే తయారవుతున్నారు కాబట్టి చెబుతున్నాను. ఆకులన్నిటికీ బెజ్జం పొడిచి, తాడు గుచ్చి, పైనా కిందా రెండు చెక్కపలకలు పెట్టి కట్టేస్తారు. బయటికి ఏ కట్ట చూసినా ఒక్కలాగే ఉంటుంది. లోపల ఏముందో తెలియాలంటే తాడు విప్పాలి, లేదా ఆ తాడు కొసకి ఒక చిన్న ఆకుముక్క మీద పేరు రాసి కట్టి ఉండాలి. ఆ ముక్కనే మేము చీటీ అనేవాళ్ళం. నా ఉద్యోగం మొత్తం ఆ చీటీ గురించిన తగువే.

వచ్చేవాళ్ళు ఎవరూ పుస్తకాన్ని పేరు పెట్టి అడగరు. ఇది మొదటి రోజే తెలిసింది. “మొన్న మా బావగారు చదివి వెళ్ళినదండి,” అంటాడు ఒకాయన. “ఎర్ర తాడుదండి, కాస్త లావుగా ఉంటాదండి,” అంటాడు ఇంకొకాయన. అక్కడ తాళ్ళన్నీ ఎరుపే. రేవు దాటి కపిలేశ్వరపురం వైపు నుంచి ఒక రైతు వచ్చేవాడు. మడిచిన పంచెకి లంక బురద ఇంకా ఆరకుండానే గుమ్మంలో నిలబడి, “పంతులుగారండీ, మా గేదెకి పొదుగు వాచిపోయిందండి. గొడ్ల మందుల పుస్తకం ఉందంట కదండీ?” అనేవాడు. ఉంది. కాని దాని చీటీ మీద గొడ్డూ లేదు, మందూ లేదు. అదెందుకో ముందు ముందు చెబుతాను.

దివాన్ గారి అందం

మొదట పుస్తకాలు సర్దించినది దివాన్ గారు. దొరగారి చుట్టాలు వచ్చినప్పుడు సావడి అందంగా కనిపించాలన్నది ఆయన పట్టుదల. పొడుగు కట్టలన్నీ ఒక వైపు, పొట్టి కట్టలన్నీ ఒక వైపు పెట్టించారు. చూడడానికి నిజంగానే బాగుండేది.

అప్పట్లో ఒక పెద్ద కావ్యం ఉండేది. దాని పూర్వభాగం ఒకరు పొడుగు ఆకుల మీద, ఉత్తరభాగం మరొకరు పొట్టి ఆకుల మీద రాశారు. దివాన్ గారి పుణ్యమా అని ఒకటి తూర్పు గోడకి, ఒకటి పడమటి గోడకి చేరాయి. ఆలమూరు నుంచి ఒక ముసలాయన వచ్చి పూర్వభాగం పూర్తి చేశాడు. రెండోది ఇమ్మన్నాడు. దొరకలేదు. ఆ వానాకాలమంతా గొడుగు వేసుకుని వస్తూనే ఉన్నాడు.

“ఇంతకీ ఆ కావ్యంలో పిల్లకి పెళ్ళయిందాండీ, లేదాండీ?” అని గుమ్మంలోంచే అడిగేవాడు.

“వెతుకుతున్నానండి.”

“ఆయ్. వెతకండి, వెతకండి. నేను పోయేలోపల దొరికితే చాలు.”

కట్టలన్నీ విప్పి చూస్తానంటే దివాన్ గారు ఒప్పుకోలేదు. వరస చెడిపోతుందిట.

శాస్త్రిగారు

ఈ గొడవలు దొరగారి చెవిన పడి, సర్దే పని ఆస్థాన పండితులు శాస్త్రిగారికి అప్పగించారు. శాస్త్రిగారి పాండిత్యాన్ని నేను ఒక్క మాట కూడా తక్కువ చేసి చెప్పలేను. ఏ కట్ట అయినా తాడు విప్పి మొదటి ఆకు సగం చదివేసరికి అది ఏమిటో, ఎవరు రాశారో, ఎక్కడ తప్పులు పడ్డాయో చెప్పేవారు. వచ్చినవాళ్ళు ఎంత వంకరగా అడిగినా వాళ్ళకి కావలసింది ఏమిటో గ్రహించి, కూర్చున్న చోటి నుంచే వేలు చూపించేవారు. “రెండో అర, ఎడం పక్క, నాలుగు కట్టలు వదిలేసి,” అంటే అది అక్కడే ఉండేది.

చిక్కల్లా అదే. ఆయనకి చీటీ అక్కర్లేదు. కాబట్టి ఇంకెవరికీ అక్కర్లేదనుకున్నారు.

ఆయన వరస ఇది. పై అరలో వేదాలు, శాస్త్రాలు, సంస్కృతంలో ఉన్న వైద్యగ్రంథాలు. మధ్య అరలో పురాణాలూ కావ్యాలూ. నేలకి జానెడు ఎత్తున కింది అరలో మిగిలినవన్నీ. ఆ మిగిలినవాటి మీద నా చేత ఒకటే మాట రాయించారు: ‘చిల్లర’. గొడ్ల మందులు చిల్లర. పడవలు కట్టే కొలతలు చిల్లర. ఆడవాళ్ళ పాటలు చిల్లర. వానల లెక్కలు, పొలం తగువుల తీర్పులు, పిల్లలకి కథలు, అన్నీ చిల్లర. గుమ్మంలోకి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది అడిగేది ఆ అరే. అందులో ఏ కట్ట ఏదో చీటీ చెప్పదు. పైగా కాలవలు వచ్చాక నేల చెమ్మ పెరిగింది. చెదలు ముందుగా పట్టేది కింది అరకే. ఎవరూ ముట్టుకోని పై అర పుస్తకాలు, పురుగు పట్టకుండా పెట్టిన వస కొమ్ముల వాసనతో కళకళలాడుతుంటే, జనానికి కావలసినవాటిని చెదలు అడుగు నుంచి తినేస్తుండేవి. నేను వెళ్ళి చెబితే, “చిల్లరే కదా పంతులూ, పోనీ,” అనేవారు.

సూరమ్మగారు

రేవు అవతలి ఊళ్ళో సూరమ్మగారని ఒక వితంతువు ఉండేవారు. తండ్రి వైద్యుడు. కొడుకులు లేక కూతురికే చదువు చెప్పాడు. జ్వరపడి లేచినవాళ్ళకీ, బాలింతలకీ, ఏదీ ఇమడని ముసలివాళ్ళకీ ఏం వండి పెట్టాలో, ఎలా పెట్టాలో ఆవిడ తన చేత్తో గంటం పట్టి తెలుగులో రాశారు. మా సావడి తెరిచారని విని, ఆ కట్ట తన మరిదిగారి చేత పంపించారు. కాలవ పనుల రోజుల్లో ఇంటింటా జ్వరాలే కాబట్టి దానికోసం చాలామంది వచ్చేవారు. అందరూ అడిగేది ఒకటే మాట: “సూరమ్మగారి పుస్తకం.”

శాస్త్రిగారు దాన్ని చిల్లరలో పెట్టారు.

ఒక రోజు పొద్దున్నే ఆవిడ స్వయంగా పడవ దాటి వచ్చారు. ముసుగు నుదుటి దాకా లాక్కుని గుమ్మం పక్కన నిలబడి, “మీ దగ్గర పథ్యాల పుస్తకం ఉందా బాబూ?” అని అడిగారు. ఆవిడ ఎవరో నాకు తెలియదు. నేను కింది అర ముందు చతికిలబడి కట్టల తర్వాత కట్టలు విప్పుతూ ఉంటే, ఆవిడ కదలకుండా చూస్తూ నిలబడ్డారు. చివరికి పుస్తకం దొరికింది. ఆవిడ చీటీ మీది మాట చదివారు.

“ఇది రాసినదాన్ని నేనే,” అన్నారు.

లోపల జపం చేసుకుంటున్న శాస్త్రిగారు బయటికి వచ్చారు.

“శాస్త్రిగారూ, జ్వరమొచ్చిన పిల్లాణ్ణి ఇంట్లో పెట్టుకుని మా ఊరివాళ్ళు మీ దగ్గరికి వచ్చేరు. పుస్తకం కనపడలేదని ఉత్తి చేతులతో తిరిగొచ్చేరు. మీకు తెలుసునా?”

“నేను ఊళ్ళో లేనప్పుడు వచ్చి ఉంటారమ్మా. నేనుంటే చూపించేవాణ్ణి.”

“మీరు లేనప్పుడు జ్వరాలు రాకుండా ఉంటాయా? దీన్ని వైద్యంలో పెట్టించండి.”

“వైద్యమంటే శాస్త్రం తల్లీ. శ్లోకం ఉండాలి, ప్రమాణం ఉండాలి. ఇది జావలు కాచుకునే పుస్తకం.”

“జావ లేకుండా మీ శాస్త్రం ఎవరిని బతికించింది?” ఆవిడ గొంతు పెంచలేదు. “పెట్టనంటే పెట్టద్దు. నా పుస్తకం నాకిచ్చెయ్యండి. మా ఇంటి అరుగు మీద పెట్టుకుంటాను. కావలసినవాళ్ళు అక్కడికే వస్తారు.”

శాస్త్రిగారు ఇచ్చేసేవారేమో. ఈలోగా దివాన్ గారు కచేరీలోంచి వచ్చి, జమీకి ఇచ్చిన వస్తువు జమీదే, తిరిగి ఇచ్చే ఆచారం లేదు అని తేల్చేశారు. సూరమ్మగారు ఆ కట్టని నా చేతిలో పెట్టి రేవుకేసి వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళయినా ఆ నడక నాకు కనిపిస్తూనే ఉంటుంది. పుస్తకం కనిపించే చోట పెట్టరు, తిరిగి ఇవ్వరు. ఇలాంటి పుస్తకాల ఇంటికన్నా తాళం వేసిన అటకే నయం. అది కనీసం ఎవరినీ రమ్మని పిలవదు.

కొన్నాళ్ళకి ఎవరో ఆ పుస్తకం కావాలని వచ్చారు. కింది అర మొత్తం విప్పాను, లేదు. శాస్త్రిగారిని అడిగాను.

“నాకు తెలుసులే,” అన్నారు, తల తిప్పకుండా.

“ఎక్కడండీ?”

“నాకు తెలుసంటున్నాను కదా. వెళ్ళి నీ పని చూసుకో.”

ఆయన దాన్ని గోదాట్లో కలిపేశారనే అనుకున్నాను. అంత పెద్దమనిషి అంత పని చేశాడని మనసులో తిట్టుకున్నాను కూడా.

ఆయన నోరు పడిపోయింది

మరుసటి చలికాలం శాస్త్రిగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పోయాయి. మాట పోయింది. అదే రోజు మా పుస్తకాల ఇల్లు కూడా మూగదైపోయింది. ఎవరొచ్చి ఏమడిగినా నేను గుడ్లప్పగించి చూడడమే. వరస ఉంది, కాని ఆ వరస ఆయన తలలో ఉంది.

వారం గడవకముందే ఆయన కొడుకు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

“పంతులుగారూ, నాన్నగారు ఏదీ మింగలేకపోతున్నారండి. నీళ్ళు పట్టినా పొరబోతోంది. సూరమ్మగారి పుస్తకంలో ఇలాంటివాళ్ళకి ఎలా పెట్టాలో ఉందని వైద్యుడుగారు చెప్పేరు. అదొకసారి ఇప్పించండి.”

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మీ నాన్నగారే దాన్ని మాయం చేశారని ఆ కుర్రవాడితో ఎలా చెప్పను? కింది అర మళ్ళీ వెతికాను. మధ్య అర కూడా వెతికాను. తర్వాత వాళ్ళింటికి వెళ్ళి, మంచం పక్కన కూర్చుని, చెవి దగ్గరగా అడిగాను. “సూరమ్మగారి పుస్తకం ఎక్కడ పెట్టారండీ?”

ఆయనకి నా మాట అర్థమయింది. కళ్ళలో తెలుస్తూనే ఉంది. ఎడమ చెయ్యి లేపి పైకి చూపించారు. “బ... బై...” అని ఏదో అన్నారు. మళ్ళీ పైకి చూపించారు. భగవంతుడి మీద భారం వేస్తున్నారని వాళ్ళావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గోదాట్లో కాదు, పొయ్యిలో పెట్టారు, పొగయి పైకి పోయిందంటున్నారని నేను అనుకున్నాను. మేమిద్దరం అర్థం చేసుకోలేదని తెలిసి ఆయన కళ్ళు మూసేసుకున్నారు.

గత్యంతరం లేక పడవెక్కి సూరమ్మగారింటికి వెళ్ళాను. ఆవిడ అరుగు మీద బియ్యం చెరుగుతున్నారు. సంగతంతా చెప్పాను.

“పుస్తకం చూసి పెట్టుకోమనండి. మీ దగ్గరే ఉంది కదా.”

“దొరకడం లేదండి.”

చేట కింద పెట్టారు. “పారేసేరా?”

నేను తల దించుకున్నాను. ఆవిడ లేచి, లోపల్నుంచి ఒక మూట పట్టుకొచ్చి, “పదండి. పుస్తకం పోతేనేం, రాసినదాన్ని నేను చావలేదు కదా,” అన్నారు.

శాస్త్రిగారింట్లో అడుగు పెడుతూనే ఆవిడ చేసిన మొదటి పని, ఆయన నోట్లో నీళ్ళు పోస్తున్న వాళ్ళని ఆపడం. “పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లేపి గోడకి ఆనించండి. పల్చటిది వద్దు, చిక్కగా ఉండాలి,” అన్నారు. పేలపిండి జావ కాచి, చల్లార్చి, ఆయన నోట్లో పని చేస్తున్న ఎడమ పక్కకి చిన్న గరిటెతో కొంచెం కొంచెంగా పెట్టించారు. ఒక గరిటె మింగాక రెండోది. ఆయన మింగారు. గిన్నెలో సగం అయ్యేసరికి ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. సూరమ్మగారు ఆయన మొహం కేసి చూడలేదు, గిన్నె కేసే చూస్తూ కోడలికి చెబుతూ కూర్చున్నారు.

ఆవిణ్ణి దిగబెట్టడానికి నేనూ పడవెక్కాను. నాకు ఒళ్ళంతా మంటగా ఉంది. ఈ ఒక్క పుస్తకానికి అదృష్టం కలిసొచ్చింది. రాసినావిడ రేవు అవతలే ఉన్నారు, మంచి మనసుతో లేచి వచ్చారు. ఆ సావడిలో మిగతా పుస్తకాలు రాసినవాళ్ళెవరూ బతికి లేరు. వాళ్ళని పిలవడానికి ఏ పడవెక్కాలి?

చీటీలు

దివాన్ గారితో నేను మొదటిసారి గట్టిగా మాట్లాడినది అప్పుడే. ప్రతి కట్టకీ చీటీ కట్టనివ్వకపోతే తాళం చెవులు ఇచ్చి వెళ్ళిపోతానన్నాను. జనం గొడవ దొరగారి దాకా వెళ్ళిందో ఏమో, ఒప్పుకున్నారు.

శాస్త్రిగారు గోడకి చేరబడి కూర్చోగలిగాక, కట్టల్ని గంపల్లో వాళ్ళ అరుగు మీదికి మోయించాను. తాడు విప్పి మొదటి ఆకు ఆయన ముందు పెట్టేవాణ్ణి. ఆయనకి కొంచెం కొంచెంగా మాట వచ్చింది. కాని ముద్దముద్దగా వచ్చేది. నేను ఒక పేరు అంటే తల అడ్డంగా ఊపేవారు, ఇంకోటి అంటే మళ్ళీ ఊపేవారు, అవునన్నప్పుడు రాసేవాణ్ణి. మా ఇద్దరికీ రోజూ దెబ్బలాటే. ఆయన గ్రంథం అసలు పేరు రాయమంటారు. జనం అడిగే మాట రాయాలంటాను నేను. ‘గొడ్ల మందులు’ అని రాస్తే ఆయన ఆ చీటీ లాగి పారేశారు, ఎడమ చేత్తోనే. చివరికి చీటీకి ఒక వైపు ఆయన పేరు, రెండో వైపు నా మాట రాయడానికి రాజీ పడ్డాము. ‘చిల్లర’ అన్న మాట మాత్రం ఇక వాడనని చెప్పాను. దానికి ఆయన అడ్డు చెప్పలేదు.

పై అర వంతు వచ్చేసరికి ఎండలు ముదిరాయి. ఆ రోజు సూరమ్మగారు కూడా అరుగు చివర కూర్చుని ఉన్నారు. ఆయన ఏం తింటున్నారో చూసి వెళ్ళడానికి అప్పుడప్పుడూ వచ్చేవారు. వైద్యగ్రంథాల గంప ముందు పెట్టుకుని ఒక్కొక్కటే తీస్తున్నాను. పెద్ద పెద్ద సంస్కృత గ్రంథాల మధ్యలోంచి ఒక సన్నటి కట్ట వచ్చింది. దాని తాడుకి నా చేతిరాతతోనే ‘చిల్లర’ అని ఉంది.

అది ఆవిడ పుస్తకం.

నేను నోరు తెరిచి శాస్త్రిగారి కేసి చూశాను. ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నారు. ఆయన పైకి చూపించినది దేవుణ్ణి కాదు, పై అరని. ‘బై’ అంటూ పూర్తి చెయ్యలేకపోయినది ‘వైద్యం’ అన్న మాట. ఆవిడ వచ్చి వెళ్ళాక తనే తీసుకెళ్ళి అక్కడ పెట్టారు. ఎవరికీ చెప్పలేదు, చీటీ మార్చమని నాతో అనలేదు. తప్పు దిద్దుకున్న సంగతి ఎవరికైనా తెలిస్తే చిన్నతనం అనుకున్నారు.

సంతోషించారా అని మీరు అడుగుతారేమో. నాకు ఒళ్ళు మండిపోయింది. మంచానపడి లేచిన మనిషి అని కూడా చూడలేదు. “ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేదండీ? ఎంతమంది తిరిగి వెళ్ళిపోయారో తెలుసా? మీకే అన్నం దిగక...” అని అరిచేశాను.

“ఊరుకోండి పంతులుగారూ,” అన్నారు సూరమ్మగారు. లేచి వచ్చి కట్ట చేతిలోకి తీసుకున్నారు. పలకల మీది దుమ్ము కొంగుతో తుడిచారు. ఆ గంపలోని గ్రంథాల కేసి, తన పుస్తకం కేసి మార్చి మార్చి చూశారు. “మీరే పెట్టేరా శాస్త్రిగారూ?”

గోడ వైపు నుంచే ఆయన తల ఊపారు.

ఆవిడ పాత చీటీ తెంపి నా చేతిలో పెట్టి, “ఏం రాస్తారో రాయించండి,” అన్నారు.

నేను కొత్త ఆకుముక్క తీసి గంటం పట్టుకున్నాను. శాస్త్రిగారు ఇటు తిరిగి ఎడమ చెయ్యి చాపారు. నాకు అర్థం కాలేదు. చెయ్యి మళ్ళీ చాపి, “ఇయ్యి,” అన్నారు. గంటం ఇచ్చాను. ఆకు జారిపోకుండా ఆయన కొడుకు పట్టుకున్నాడు. ఎంతోసేపు కష్టపడి ఆయన రెండు మాటలు గీశారు. ‘వైద్యం. సూరమ్మ.’ ఎదురుగా చూస్తున్నాం కాబట్టి అలా రాశారని మాకు తెలిసింది. లేకపోతే కోడి గీకిన గీతల్లా ఉన్నాయి.

చీటీ అన్నది చదవగలిగేలా ఉండాలి. అందులో మొహమాటానికి తావు లేదు. ఆ గీతలు చూసి వచ్చినవాళ్ళకి ఏమీ తెలియదు. అందుకని మరో ముక్క మీద ‘జ్వరపడి లేచినవాళ్ళకీ బాలింతలకీ పథ్యాలు’ అని గుండ్రంగా రాసి అదే తాడుకి కట్టాను. అలా ఒక పుస్తకానికి రెండు చీటీలయ్యాయి. చూడడానికి అసహ్యంగా ఉందని దివాన్ గారు రెండుసార్లు మందలించారు. శాస్త్రిగారు పోయాక కూడా, నేను ఆ పనిలో ఉన్నంతకాలం, మొదటిది తియ్యలేదు.